సూది పట్టిన చేతికి శాఖ పగ్గాలు

కెనడా దేశపు ఉత్తర భాగంలో, అరవయ్యో అక్షాంశ రేఖ దగ్గర మొదలై ఆర్కిటిక్ మహాసముద్రపు దీవుల దాకా వ్యాపించిన నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అనే ప్రాంతపు విస్తీర్ణం సుమారు 13 లక్షల 46 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటినీ కలిపి లెక్కించినా అందులో ఇంచుమించు అయిదో వంతే అవుతుంది. అంత నేల మీద నివసించే జనం మాత్రం 45 వేలకు అటూ ఇటూగా ఉంటారు, అంటే తెలుగునాట ఒక మోస్తరు మండలంలో ఉండేటంత మంది. వారిలో దాదాపు సగం రాజధాని ఎల్లోనైఫ్‌లోనే ఉండగా, మిగిలినవారు మరో 32 ఊళ్లలో చెదిరి ఉన్నారు. ఆ ఊళ్లలో కొన్నింటికి ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు, చలికాలంలో గడ్డకట్టిన నదుల మీదా సరస్సుల మీదా వేసే మంచు బాటే వాటికి దారి, అది కరిగిపోయాక చిన్న విమానమే దిక్కు. ఇటువంటి చోట వైద్యం అందించే పనికి బాధ్యురాలిగా 2023 డిసెంబరులో ఆరోగ్య, సామాజిక సేవల మంత్రి పదవి చేపట్టిన లీసా సెమ్లర్ అంతకు ముందు ఇనువిక్ పట్టణంలో నర్సుగా పనిచేసినవారు, ఇనువియాలుయిట్ అనే స్థానిక జాతికి చెందినవారు.

వైద్యరంగం నుంచి రాజకీయాల్లోకి వచ్చినవారు అనగానే ఎక్కడైనా డాక్టర్లే ముందు గుర్తుకు వస్తారు. పులివెందులలో స్టెతస్కోపు పట్టి, తరవాత ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉదాహరణ తెలుగువారికి కొత్త కాదు. నర్సులు ఆ దారిన రావడం అరుదు. అమెరికా కాంగ్రెసుకు ఒక రిజిస్టర్డు నర్సు మొదటిసారి ఎన్నికైంది 1992లో, టెక్సాస్ నుంచి ఎడీ బెర్నిస్ జాన్సన్ గెలిచినప్పుడు; అప్పటికి ఆ సభకు రెండు వందల ఏళ్లు నిండాయి. ఆసుపత్రిలో రోగి పక్కన ఎక్కువ గంటలు గడిపేది నర్సే అయినా, ఆ ఆసుపత్రి ఎలా నడవాలో నిర్ణయించే బల్ల దగ్గర ఆమెకు కుర్చీ వేయాలన్న ఆలోచన చాలా సమాజాలకు ఆలస్యంగానే తట్టింది. ఉత్తర కెనడాలో ఈ లోటు మరీ విడ్డూరంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడి చిన్న ఊళ్లలో డాక్టరు అప్పుడప్పుడు వచ్చిపోయే అతిథి, వైద్య వ్యవస్థ అంటే ఆచరణలో నర్సే. కాబట్టి ఒక నర్సు ఆ శాఖకు మంత్రి కావడం న్యాయమే. అయితే మంచం పక్కన సంపాదించిన ఎరుక మంత్రి కుర్చీలో ఎంతవరకు పనికివస్తుందన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు అంత సూటిగా లేదు.

పార్టీలు లేని సభ

కెనడాలో పది ప్రావిన్సులూ మూడు టెరిటరీలూ ఉన్నాయి. ప్రావిన్సులకు అధికారాలు రాజ్యాంగం నుంచి నేరుగా సంక్రమించగా, టెరిటరీలకు ఫెడరల్ పార్లమెంటు చేసిన చట్టాల ద్వారా దఖలు పడ్డాయి. ఖజానా కూడా అలాంటిదే, నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ప్రభుత్వ ఆదాయంలో మూడింట రెండు వంతులు ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వం నుంచి వచ్చే నిధులే. అక్కడి శాసనసభలో 19 మంది సభ్యులుంటారు, వారిలో ఎవరూ పార్టీ టిక్కెట్టు మీద గెలిచినవారు కారు. ఏకాభిప్రాయ ప్రభుత్వం అని పిలిచే ఈ పద్ధతిలో సభ్యులందరూ కలిసి రహస్య ఓటుతో ప్రీమియర్‌నూ ఆరుగురు మంత్రులనూ ఎన్నుకుంటారు, ఎవరికి ఏ శాఖ అన్నది మాత్రం ప్రీమియర్ నిర్ణయిస్తారు. స్పీకర్‌ను మినహాయిస్తే మంత్రివర్గంలో లేని సభ్యులు 11 మంది, మంత్రివర్గంలో ఉన్నవారు 7 మంది. అంటే ప్రభుత్వం పుట్టుకతోనే మైనారిటీలో ఉంటుంది, మంత్రిని కాపాడటానికి పార్టీ విప్ అనేది ఉండదు, సభ తలచుకొంటే ఎన్నుకొన్న మంత్రిని తొలగించనూ గలదు.

సెమ్లర్ ఇనువిక్ ట్విన్ లేక్స్ నియోజకవర్గం నుంచి 2019 అక్టోబరులో మొదటిసారి గెలిచారు. ఆ ఎన్నికల్లో 19 స్థానాలకు గాను 9 స్థానాల్లో మహిళలు గెలవడం, అంతకు ముందు సభలో ఇద్దరే ఉన్నారన్న సంగతితో కలిపి చూస్తే, ఆ ప్రాంత రాజకీయాల్లో పెద్ద మలుపు. నాలుగేళ్లు సాధారణ సభ్యురాలిగా ఉండి, ఆరోగ్య శాఖను ప్రశ్నలతో నిలదీసిన ఆమె 2023లో మళ్లీ గెలిచి మంత్రివర్గంలోకి వచ్చినప్పుడు, ప్రీమియర్ ఆర్.జె. సింప్సన్ ఆ శాఖనే ఆమెకు అప్పగించారు. నిలదీసినవారికే నిర్వహణ అప్పగించడంలో రాజకీయ చతురత ఎంత, యోగ్యతకు పట్టం ఎంత అన్నది తేల్చడం కష్టం. పార్టీలు లేనిచోట ఈ రెండూ విడదీయరానంతగా కలిసిపోతాయి.

ఆ ఎన్నికలు కూడా మామూలుగా జరిగినవి కావు. 2023 వేసవిలో అడవులు అంటుకొని, ఆగస్టు 16న ఎల్లోనైఫ్ పట్టణాన్ని మొత్తంగా ఖాళీ చేయమని ప్రభుత్వం ఆదేశించింది. ఇరవై వేల మంది ఒకే రోడ్డు మీదా విమానాల్లోనూ దక్షిణానికి తరలిపోగా, ఆ ప్రాంతానికంతటికీ పెద్దాసుపత్రి అయిన స్టాంటన్ టెరిటోరియల్ హాస్పిటల్‌లోని రోగులను కూడా వేరే ప్రావిన్సులకు చేర్చవలసి వచ్చింది. అక్టోబరు 3న జరగవలసిన పోలింగ్ నవంబరు 14కు వాయిదా పడింది. కొత్త మంత్రి చేతికి వచ్చిన శాఖ అప్పుడే ఒక వలస వెళ్లి తిరిగి వచ్చిన శాఖ.

ఇనువిక్ నేర్పిన పాఠం

ఇనువిక్ ఆర్కిటిక్ వలయానికి 200 కిలోమీటర్లు ఎగువన, మెకంజీ నది సముద్రంలో కలిసే డెల్టా తూర్పు అంచున ఉన్న మూడు వేల జనాభా గల పట్టణం. సమీపంలోని అక్లావిక్ అనే పాత ఊరు వరదలకూ ఒడ్డు కోతకూ గురవుతున్నదని 1950లలో ఫెడరల్ ప్రభుత్వం కొత్త చోటును ఎంచుకొని ఈ పట్టణాన్ని నిర్మించింది; అడుగున నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ఇళ్లన్నీ స్తంభాల మీద నిలబడతాయి, నీటి గొట్టాలూ మురుగు గొట్టాలూ నేలలో పూడ్చకుండా పైనే కప్పు వేసిన పెట్టెల్లో నడుస్తాయి. డిసెంబరు మొదట్లో అస్తమించిన సూర్యుడు జనవరి తొలివారం వరకు కనిపించడు. అక్కడి ప్రాంతీయ ఆసుపత్రి డెల్టా చుట్టూ ఉన్న ఊళ్లన్నింటికీ ఆధారం, ఎల్లోనైఫ్ అక్కడికి విమాన మార్గంలోనే దాదాపు 1,100 కిలోమీటర్ల దూరం.

ఈ పట్టణంలో పెరిగి, ఈ పట్టణంలోనే నర్సయిన సెమ్లర్ బతుకులో వ్యవస్థల వైఫల్యం చదివి తెలుసుకొన్న విషయం కాదు. ఆమె ఎనిమిదేళ్ల వయసులో ఆమె తల్లి హత్యకు గురయ్యారు. హత్యలకూ అదృశ్యాలకూ గురైన ఆదివాసీ స్త్రీల గురించి కెనడా ప్రభుత్వం 2016లో జాతీయ విచారణ సంఘాన్ని నియమించినప్పుడు, బాధిత కుటుంబాల తరఫున ఆ సంఘానికి సలహా ఇచ్చే బృందంలో ఆమె సభ్యురాలయ్యారు. 2019 జూన్ 3న వెలువడిన ఆ విచారణ తుది నివేదికలో న్యాయం కోసం 231 పిలుపులు ఉన్నాయి. వాటిలో గణనీయమైన భాగం పోలీసులకూ న్యాయస్థానాలకూ కాక ఆరోగ్య సేవలకూ శిశు సంక్షేమానికీ సంబంధించినవి. నివేదిక వచ్చిన నాలుగు నెలలకు ఆమె శాసనసభ్యురాలు కావడం, మరో నాలుగేళ్లకు ఆ పిలుపుల్లో కొన్నింటికి స్వయంగా జవాబుదారీ అయిన మంత్రి కావడం గమనించదగిన వరుస. బాధితుల పక్షాన అడిగిన ప్రశ్నలు ప్రభుత్వం పేరుతో తనకే తిరిగి వస్తున్నప్పుడు వాటిని ఎలా స్వీకరించాలన్నది ఏ శిక్షణలోనూ నేర్పే విషయం కాదు.

విమానం ఎక్కించి పంపిన చరిత్ర

ఆర్కిటిక్ ప్రజలకు ఆసుపత్రి పట్ల ఉన్న భయానికి మూలం ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో ఉంది. క్షయ వ్యాధి అప్పట్లో ఉత్తరాది ఊళ్లను దహించివేస్తుండగా, ఫెడరల్ ప్రభుత్వం అక్కడే చికిత్సాలయాలు కట్టడం కన్నా రోగులను దక్షిణానికి తరలించడమే మేలని భావించింది. తూర్పు ఆర్కిటిక్‌లో సీ.డీ. హౌ అనే ఓడ తీరం వెంబడి తిరుగుతూ ఎక్స్‌రేలు తీసి రోగులను ఎక్కించుకొని పోయేది, పశ్చిమాన విమానాలు ఎడ్మంటన్ నగరంలోని చార్ల్స్ క్యామ్సెల్ హాస్పిటల్‌కు చేర్చేవి. 1950ల మధ్యలో ఒక దశలో ఇనువియాలుయిట్ కూడా భాగమైన ఇన్యుయిట్ ప్రజల్లో ఏడుగురికి ఒకరు దక్షిణాది శానటోరియంలలో ఉన్నారని చరిత్రకారుల అంచనా. నెలలూ ఏళ్లూ భాష తెలియని వార్డుల్లో గడిపి కొందరు తిరిగి వచ్చారు, కొందరు పిల్లలు మాతృభాష మరిచి వచ్చారు, చనిపోయినవారిలో చాలామందిని ఎక్కడ పాతిపెట్టారో కుటుంబాలకు చెప్పిన నాథుడు లేడు. ఈ తీరుకు ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో 2019 మార్చి 8న ఇకాలుయిట్‌లో క్షమాపణ చెప్పారు. సమాధుల ఆచూకీ వెతికే పని ఆ తరవాతా సాగింది.

ఈ చరిత్రను గుర్తుచేసుకోకుండా నేటి వ్యవస్థను అర్థం చేసుకోలేరు, ఎందుకంటే రోగిని దక్షిణానికి పంపడమన్న పునాది సూత్రం ఇప్పటికీ మారలేదు. 1988లో ఆరోగ్య సేవల బాధ్యత ఫెడరల్ ప్రభుత్వం నుంచి టెరిటరీ ప్రభుత్వానికి బదిలీ అయింది, ఓడ పోయి విమానమే మిగిలింది, నెలల తరబడి జరిగేది రోజుల్లోకి కుదించుకుపోయింది. కానీ గుండె శస్త్రచికిత్స అయినా, నెలలు నిండని శిశువుకు ప్రత్యేక సంరక్షణ అయినా, అనేక రకాల క్యాన్సర్ చికిత్స అయినా ఇంకా ఎడ్మంటన్ వెళ్లవలసిందే. ఆ ఆసుపత్రులు ఆల్బర్టా ప్రావిన్సు అధీనంలోవి, వాటి మీద ఎల్లోనైఫ్‌లో కూర్చున్న మంత్రికి ఎటువంటి అధికారమూ లేదు. తన ప్రజల ప్రాణాలు పొరుగు ప్రభుత్వం ఆసుపత్రుల పడకల లభ్యత మీద ఆధారపడి ఉండటం ఆమె పదవికి పుట్టుకతో వచ్చిన పరిమితి.

ఊరికంతటికీ ఇద్దరు ముగ్గురు నర్సులు

చిన్న ఊళ్లలోని ఆరోగ్య కేంద్రం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఉపకేంద్రానికీ మధ్యస్థంగా కనిపించినా, అక్కడి నర్సుకు ఉన్న బాధ్యత ఈ రెండింటిలోని ఏ ఉద్యోగికీ ఉండదు. పగలు ఆమె టీకాలు వేస్తుంది, గర్భిణులను పరీక్షిస్తుంది, మధుమేహ రోగుల మందులు సరిచూస్తుంది, చంటిపిల్లల బరువు తూస్తుంది. మందుల దుకాణం లేని ఊరు కాబట్టి మాత్రలు కట్టి ఇచ్చేదీ ఆమే, ప్రయోగశాల లేదు కాబట్టి నమూనాలు తీసి, సరిగ్గా సర్ది, విమానానికి అందించేదీ ఆమే. రాత్రి పిలుపు వస్తే తెగిన గాయానికి కుట్లు వేయడం, మంచు మోటారు బండి బోల్తా పడి విరిగిన కాలికి కట్టు కట్టడం, ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి మొదటి మందులు ఇచ్చి ఎల్లోనైఫ్‌లోని డాక్టరుతో ఫోనులో మాట్లాడటం, విమానం రావాలా వద్దా అన్న తీర్మానానికి కావలసిన వివరాలన్నీ సేకరించడం కూడా ఆమె పనే. ఇలా మామూలు నర్సింగ్ హద్దులు దాటి రోగనిర్ధారణ, ప్రాథమిక చికిత్స దాకా విస్తరించిన పాత్రకు ప్రత్యేక శిక్షణ అవసరమని గుర్తించి, డల్‌హౌసీ విశ్వవిద్యాలయం 1967లోనే మారుమూల నర్సింగ్‌లో డిప్లొమా ప్రారంభించింది. మరీ చిన్న ఊళ్లయిన జీన్ మేరీ రివర్, నహానీ బ్యూట్ వంటి చోట్ల నర్సు కూడా స్థిరంగా ఉండదు. హెల్త్ క్యాబిన్ అని పిలిచే చిన్న గదిలో స్థానికంగా శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఉంటుంది, నర్సు విడతలవారీగా వచ్చిపోతుంది.

అత్యవసర తరలింపు ఈ వ్యవస్థకు వెన్నెముక. ఏ ఊరి నర్సయినా మెడ్-రెస్పాన్స్ అనే కేంద్రానికి ఫోను చేస్తే, అక్కడివారు డాక్టరును లైనులోకి తీసుకొని, విమానాన్నీ సిబ్బందినీ సమకూర్చి, ఏ ఆసుపత్రికి చేర్చాలో నిర్ణయిస్తారు. వాతావరణం బాగుంటే ఇదంతా కొన్ని గంటల్లో ముగుస్తుంది. మంచు తుపాను దిగినా, రన్‌వే కనిపించకపోయినా ఆ కొన్ని గంటలు ఎంతకు సాగుతాయో ఎవరూ చెప్పలేరు, అంతసేపూ రోగి ప్రాణం ఇద్దరు ముగ్గురు నర్సుల చేతుల్లో ఉంటుంది. ప్రజా వైద్యం మీద తలసరి ఖర్చు కెనడాలో అన్ని ప్రావిన్సుల కన్నా టెరిటరీలలోనే ఎక్కువ, అందులో నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌ది ముందువరుస. ఆ ఖర్చులో ఒక పెద్ద పాలు మందులకూ మంచాలకూ కాక విమాన ఇంధనానికీ వసతి గృహాలకూ పోతుంది.

కాన్పుల విషయంలో ఈ దూరం మరింత కర్కశంగా మారుతుంది. అక్కడి చాలా ఊళ్లలో ప్రసవాలు జరగవు. గర్భిణిని నెలలు నిండకముందే, సాధారణంగా రెండు మూడు వారాల ముందుగా, ఇనువిక్‌కో ఎల్లోనైఫ్‌కో పంపించి, కాన్పయ్యే వరకు వసతి గృహంలో ఉంచుతారు. వైద్యపరంగా ఇది సమర్థనీయమే, తల్లీబిడ్డల మరణాలు తగ్గడానికి ఇది తోడ్పడిందని చెబుతారు. మన మన్యంలో డోలీ మోతల మధ్య దారిలోనే కాన్పులు జరిగిన వార్తలు చదివినవారికి ఈ ముందస్తు తరలింపు వరంలాగే తోస్తుంది. కానీ పెద్ద పిల్లలను ఎవరికో అప్పగించి, భర్తకూ తల్లికీ దూరంగా, అపరిచితుల మధ్య బిడ్డను కనవలసి రావడం పాత క్షయ తరలింపుల జ్ఞాపకాలున్న సమాజానికి మామూలు అసౌకర్యం కాదు. 2021 డిసెంబరులో నర్సుల కొరత వల్ల స్టాంటన్ ఆసుపత్రి ప్రసూతి విభాగం తాత్కాలికంగా మూతపడినప్పుడు, ఎల్లోనైఫ్ గర్భిణులు సైతం ఎడ్మంటన్ ప్రయాణం కట్టవలసి వచ్చింది. 2022 ఫిబ్రవరి వరకు అదే పరిస్థితి. 2019లో ప్రారంభమైన కొత్త భవనం, అందులో సరికొత్త పరికరాలు, నిధులు అన్నీ ఉండగా, కావలసిన ఆ కొద్దిమంది నర్సులు లేకపోవడమే విభాగాన్ని మూయించింది.

సెమ్లర్ అనుభవానికీ ఆమె శాఖ సమస్యకూ ముడి పడేది సరిగ్గా ఇక్కడే. ఉత్తరాదిలో వైద్యానికి కొరవడినది భవనం కాదు, యంత్రం కాదు, చివరికి డబ్బు కూడా పూర్తిగా కాదు. ఒకే ఊళ్లో ఏళ్ల తరబడి నిలిచి, ఆ ఊరి కుటుంబాలను పేరుపేరునా ఎరిగి, ఎవరి దగ్గు పాతదో ఎవరి మౌనం కొత్తదో పసిగట్టగల మనిషి. ఇనువిక్‌లో పుట్టి ఇనువిక్‌లోనే నర్సుగా నిలిచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆమె ఆ నిలకడకు సాక్ష్యమే తప్ప, దాన్ని ఆదేశంతో సృష్టించగల శక్తి మంత్రిగా కూడా ఆమెకు లేదు. నర్సులకు దేశమంతటా గిరాకీ ఉంది, దక్షిణాది నగరాలు ఆకర్షణీయమైన జీతాలు చూపుతాయి, ఉత్తరాన ఇళ్ల కొరత తీవ్రంగా ఉంది, ఇద్దరు ముగ్గురు నర్సులున్న ఊళ్లో ఒకరు సెలవు పెడితే మిగిలినవారికి నిద్ర ఉండదు. ఖాళీలు నింపడానికి ప్రైవేటు సంస్థల ద్వారా కొన్ని వారాల కాంట్రాక్టు మీద నర్సులను రప్పిస్తారు. వారు రాకపోతే కేంద్రం మూతపడుతుంది, వారు వస్తే పర్మనెంటు సిబ్బంది కన్నా ఎక్కువ ఖర్చు అవుతుంది, పక్కనే అదే పని చేస్తున్న స్థానిక నర్సుకు మనసు విరిగి ఆమె కూడా ఉద్యోగం వదిలి అదే సంస్థలో చేరే ప్రమాదం ఉంటుంది. ఆ కాంట్రాక్టుల మీద సభలో పదేపదే చర్చ జరుగుతున్నా, వాటిని ఒక్కసారిగా ఆపేస్తే ఏ ఊరి తలుపు ముందు మూసుకుంటుందో ఆ శాఖలో పనిచేసిన మనిషికే బాగా తెలుసు. తెలిసిన మంత్రి తెలియని మంత్రి కన్నా జాగ్రత్తగా కదులుతుంది. ఆ జాగ్రత్తే బయటివారికి జాప్యంగా కనిపిస్తుంది, కొన్నిసార్లు అది జాప్యమే కూడా.

తాగి ఉన్నాడనుకొన్నారు

వచ్చిపోయే సిబ్బంది వల్ల కలిగే నష్టం కాగితాల మీది సంఖ్య కాదని 2016లో అక్లావిక్‌లో జరిగిన ఉదంతం చూపింది. పక్షవాతం వచ్చిన ఒక ఇనువియాలుయిట్ వృద్ధుడిని చూసి మద్యం మత్తులో ఉన్నాడని పొరబడటం వల్ల సకాలంలో చికిత్స అందలేదు, ఆయన మరణించారు. కుటుంబం పట్టుపట్టడంతో ప్రభుత్వం బయటి నిపుణులతో సమీక్ష జరిపించింది. 2017లో ఆ సమీక్ష 16 సిఫార్సులు చేస్తూ, ఆదివాసీ రోగుల పట్ల సిబ్బందికి ఉండే ముందస్తు అభిప్రాయాలు చికిత్సను ఎలా దెబ్బతీస్తాయో గుర్తించమని కోరింది. అక్లావిక్ ఉదంతం జరిగిన నాలుగేళ్లకు, 2020 సెప్టెంబరులో క్విబెక్‌లో జోయిస్ ఎషక్వాన్ అనే ఆదివాసీ స్త్రీ చనిపోయే ముందు తనను ఆసుపత్రి సిబ్బంది తూలనాడటాన్ని ఫోనులో ప్రసారం చేసినప్పుడు, ఇదంతా ఉత్తరాది మారుమూల సమస్య మాత్రమే కాదని దేశమంతటికీ తెలిసింది.

సాంస్కృతిక భద్రత అని ఆ శాఖ వాడే మాటకు అర్థం, రోగి తన భాషనూ ఆచారాన్నీ కుటుంబాన్నీ గుమ్మం బయట వదిలిపెట్టనక్కరలేకుండా చికిత్స పొందగలగడం, ఆ రక్షణ ఉందో లేదో నిర్ణయించే హక్కు సిబ్బందిది కాక రోగిదే కావడం. 11 అధికార భాషలున్న ప్రాంతంలో ఇది చెప్పినంత తేలిక కాదు. ఆసుపత్రిలో ఆదివాసీ రోగుల తరఫున మాట్లాడే ప్రత్యేక ఉద్యోగులు ఉండాలన్న వాదనను సెమ్లర్ సాధారణ సభ్యురాలిగా ఉన్నప్పటి నుంచే బలంగా వినిపించారు. అటువంటి ఉద్యోగులు ఇప్పుడు కొన్ని చోట్ల ఉన్నారు. సిబ్బందికి ఒకటి రెండు రోజుల శిక్షణ తరగతులతో ఈ దురభిప్రాయాలు తొలగుతాయన్న నమ్మకం మాత్రం అతిగా ఉన్నట్టు తోస్తుంది. శిక్షణ పొందిన నర్సు మూడు వారాలకే తిరుగు విమానం ఎక్కితే, తరవాత వచ్చేవారికి పాఠం మళ్లీ మొదటి నుంచే మొదలు.

బోర్డును పంపించిన మంత్రి

పాలనా నిర్మాణం కూడా ఆమెకు ముందే సిద్ధమై ఉన్న చిక్కుముడి. 2016 ఆగస్టు 1న అక్కడి ప్రభుత్వం ప్రాంతీయ ఆరోగ్య సంస్థల్లో ఆరింటిని కలిపి ఒకే సంస్థగా చేసింది. హే రివర్ పట్టణపు సంస్థ, ట్లిచో అనే ఆదివాసీ ప్రజల సేవా సంస్థ విడిగా మిగిలాయి. ఒకే సంస్థ అయితే సిబ్బందిని అవసరమైన చోటికి కదిలించవచ్చు, రోగి రికార్డు ఊరు మారినా వెంట వస్తుంది అన్నది దీని వెనుక ఉద్దేశం. ఆ ఉద్దేశంలో కొంత నెరవేరింది, కానీ నిర్ణయాలన్నీ ఎల్లోనైఫ్‌కు చేరాయన్న అసంతృప్తి బయటి ఊళ్లలో మిగిలింది. సంస్థను నడిపించడానికి ప్రాంతాల ప్రతినిధులతో ఒక నాయకత్వ మండలి ఉండేది; శాఖ విధానం నిర్ణయిస్తుంది, సంస్థ అమలు చేస్తుంది, మండలి పర్యవేక్షిస్తుంది అన్నది కాగితం మీది విభజన. సంస్థ ఏటా లోటులో నడవడం, కొరత తీరకపోవడం చూసి సభ్యులు మంత్రిని అడిగితే, జవాబు ఈ మూడింటి మధ్య ఎక్కడో జారిపోయేది.

2024 డిసెంబరులో సెమ్లర్ ఆ మండలిని రద్దు చేసి, సస్కాచెవాన్ ప్రావిన్సులో ఆరోగ్య శాఖ ఉన్నతాధికారిగా పనిచేసిన డాన్ ఫ్లొరిజోన్‌ను ప్రజా పాలనాధికారిగా నియమించారు, అంటే మండలికి ఉన్న అధికారాలన్నీ మంత్రికి నేరుగా జవాబు చెప్పే ఒకే వ్యక్తి చేతికి వెళ్లాయి. ఆమె పదవీకాలంలో ఇంతకన్నా సాహసోపేతమైన నిర్ణయం మరొకటి కనిపించదు. దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు. వార్డులో పనిచేసినవారికి అత్యవసర సమయంలో ఆజ్ఞ ఒకే గొంతు నుంచి రావాలన్న అలవాటు ఉంటుంది, ఆ అలవాటు ఇక్కడ కనిపించిందని ఒక చదువు. ప్రాంతాల గొంతుకు మిగిలిన ఒక్క వేదికనూ తొలగించి, దక్షిణాది నుంచి వచ్చిన నిపుణుడికి పగ్గాలు ఇవ్వడం పాత తప్పుకు కొత్త రూపమని మరొక చదువు. రెండో విమర్శలో పస లేకపోలేదు. అయినా, ఎవరూ జవాబుదారీ కాని స్థితిని మంత్రి తన నెత్తిన వేసుకోవడంలో ఉన్న నిజాయతీని అది చూడదు. ఈ నియామకం తరవాత ఆరోగ్య కేంద్రం తలుపు మూతపడితే వేలెత్తి చూపడానికి మండలి ఉండదు, మంత్రే ఉంటారు.

ఆమె శాఖ పేరులో సామాజిక సేవలు అన్న మాట ఉన్నదని వైద్యం మీద దృష్టి పెట్టినవారు తరచు మరిచిపోతారు. మద్యపాన వ్యసనం నుంచి బయటపడదలచినవారికి ఆ ప్రాంతంలో ఉన్న ఏకైక నివాస చికిత్సా కేంద్రం, హే రివర్ దగ్గరి డెనే ఆదివాసుల రిజర్వులో ఉండేది, 2013లో మూతపడింది. అప్పటి నుంచి చికిత్స కోరినవారిని ఇతర ప్రావిన్సుల కేంద్రాలకే పంపుతున్నారు. తాత క్షయకు వెళ్లిన దారినే మనవడు వ్యసన చికిత్సకు వెళుతున్నాడన్నమాట. ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకొన్న పిల్లల్లో అత్యధికులు ఆదివాసీ పిల్లలే అన్నది మరింత బరువైన సంగతి. 2018లో కెనడా ఆడిటర్ జనరల్ అక్కడి శిశు సంక్షేమ సేవలను పరిశీలించి, గతంలో ఎత్తిచూపిన లోపాల్లో చాలావరకు అలాగే ఉన్నాయని, కొన్ని మరింత దిగజారాయని తేల్చారు. జాతీయ విచారణ ఇచ్చిన 231 పిలుపుల్లో ఈ శాఖ గుమ్మం దగ్గర ఆగేవి ఎక్కువగా ఇటువంటివే.

శిశు సంక్షేమ రంగంలో మార్పు మంత్రి కార్యాలయం నుంచి కాక, ఆమె పుట్టిన సమాజం నుంచి మొదలైంది. 1984 నాటి ఇనువియాలుయిట్ తుది ఒప్పందం ద్వారా భూమి హక్కులు పొందిన ఆ ప్రజలు, పిల్లల సంరక్షణలో ఆదివాసీ ప్రభుత్వాలకు స్వంత చట్టాలు చేసుకొనే హక్కును గుర్తించిన ఫెడరల్ చట్టాన్ని ఆధారం చేసుకొని, 2021లో తమ పిల్లల కోసం తామే ఒక చట్టం చేసుకొన్నారు. కెనడాలో ఇన్యుయిట్ ప్రజలు చేసుకొన్న అటువంటి చట్టాల్లో అదే మొదటిది. ఆ ఫెడరల్ చట్టం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 9న తీర్పు ఇచ్చింది. 2005లో స్వపరిపాలన పొందిన ట్లిచో ప్రజలు తమ నాలుగు ఊళ్లలో ఆరోగ్యం, విద్య, సంక్షేమం మూడింటినీ ఒకే స్థానిక సంస్థ ద్వారా నడుపుకోవడం అప్పటికే ఉన్న నమూనా. ఇనువియాలుయిట్ స్వపరిపాలన మీద 2015లో సూత్రప్రాయ ఒప్పందం కుదిరి, తుది ఒప్పందం కోసం చర్చలు సాగుతున్నాయి. ఆ చర్చలు ఫలిస్తే ఇనువిక్ చుట్టుపక్కల ఊళ్లలో నర్సును నియమించేదెవరు, పసిబిడ్డను ఎవరి ఇంట ఉంచాలో నిర్ణయించేదెవరు అన్న అధికారాల్లో కొన్ని ఎల్లోనైఫ్ నుంచి కదిలి డెల్టాకు చేరతాయి. టెరిటరీ ఆరోగ్య మంత్రి పరిధి ఆ మేరకు తగ్గుతుంది. అప్పుడు ఆ ఊళ్ల ఆరోగ్య కేంద్రాలకు జీతాలెవరు ఇవ్వాలి, విమాన ఖర్చు ఎవరు భరించాలి, ఎడ్మంటన్‌తో ఒప్పందం ఎవరు చేసుకోవాలి అన్న లెక్కలు తేలవలసి ఉన్నాయి. బల్లకు ఒక వైపు ఇనువియాలుయిట్ ప్రతినిధులు, మరో వైపు టెరిటరీ, ఫెడరల్ ప్రభుత్వాలు కూర్చున్న ఆ చర్చల్లో, ఆరోగ్యం ప్రస్తావన వచ్చినప్పుడు టెరిటరీ ప్రభుత్వం వైపు ఆ శాఖకు బాధ్యత వహించేది కూడా ఒక ఇనువియాలుయిట్ నర్సే.